వూస్టరు సుడిగాలి మేజర్ టేలరు

సైకిలు మన పల్లెలకు ప్రయాణసాధనముగా వచ్చినది. పొలమునకును, సంతకును, బడికిని పోవుటకు దానిని తొక్కువారు వేలకొలది కలరు. దానినే ఒక విద్యగా అభ్యసించి, రెండు చక్రములపై లోకమును గెలిచినవారు మిక్కిలి అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశపు నల్లజాతి వీరుడగు మార్షల్ వాల్టర్ టేలరు. మేజర్ టేలరను పేర ఆతడు లోకప్రసిద్ధుడు. ఆతడు గెలిచిన పందెముల లెక్కకంటె, ఆ గెలుపులకై పడిన శ్రమయు, అవమానముల నడుమ ఆ శ్రమను విడువనీయని పట్టుదలయు యువజనులు ముఖ్యముగ తెలిసికొనదగినవి.

టేలరు 1878వ సంవత్సరము నవంబరు 26వ తేదీన ఇండియానా రాష్ట్రమందలి ఇండియానాపొలిసు నగరమున జన్మించెను. తండ్రి గిల్బర్టు అమెరికా అంతర్యుద్ధమున ఉత్తరపక్షమున పనిచేసిన సైనికుడు. యుద్ధానంతరము ఆతడు సౌథర్డు అను ధనికుల ఇంట గుఱ్ఱపుబండి తోలుచు జీవించుచుండెను. ఆ తెల్లవారి కుమారుడు డాను టేలరునకు ఈడువాడు. ఇరువురకును గాఢమైన చెలిమి కుదిరెను. సౌథర్డు దంపతులు టేలరును తమయొద్దనే ఉంచుకొని, తమ బిడ్డతోపాటు చదువు చెప్పించి, ఒక సైకిలును గూడ ఇచ్చిరి. ఆటలందు ఆతడు తోడిబాలుర కెవ్వరికిని తీసిపోలేదు. అయినను ఊరనున్న వై.ఎం.సి.ఏ. వ్యాయామశాలలో ఆతనికి ప్రవేశము దొరకలేదు. మిత్రులు లోపల వ్యాయామము చేయుచుండ ఆతడు చూచి మరలవలసినవాడయ్యెను. చర్మపు రంగు తప్ప వేరు కారణము లేదు. ఆ చిన్ననాటి బాధ ఆతని మనస్సున కడదాక నిలిచెను.

సౌథర్డువారు చికాగోకు తరలిపోవ, తల్లి కొడుకును విడువనొల్లనందున టేలరు స్వగృహము చేరెను. సైకిలుపై ఇంటింటికి వార్తాపత్రికలు వేయుచు నాలుగు డబ్బులు సంపాదించెను. తీరిక దొరికినప్పుడెల్ల సైకిలుపై గారడీలు అభ్యసించెను. ఒకనాడు హే, విల్లిట్సు అనువారి సైకిళ్ల అంగడియెదుట ఆతడా విద్యలను చూపగా, జనము గుమిగూడిరి. దుకాణదారు లాభము గ్రహించి బాలునకు ఉద్యోగమిచ్చెను. ఉదయము అంగడి ఊడ్చుట, మధ్యాహ్నము సైనికుని దుస్తులు ధరించి వీథిలో విద్యలు ప్రదర్శించుట ఆతని పని. ఆ దుస్తులను బట్టియే జనులు ఆతనిని మేజరని పిలువసాగిరి. ఆ పేరే శాశ్వతమయ్యెను.

పదుమూడేండ్ల ప్రాయమున టేలరు పాల్గొన్న తొలి పందెము విచిత్రమైనది. ఆ అంగడివారు జరపించు 10 మైళ్ల పందెమునాడు టేలరు చూచుటకై పోయెను. యజమాని హే పరిహాసమునకు ఆ బాలుని పందెగాండ్ర వరుసలో నిలువబెట్టెను. బాలుడు భయపడి ఏడ్చెను. కొంతదూరము తొక్కి అలసినచో మరలి రమ్మని యజమాని చెవిలో చెప్పి పంపెను. కాని బాలుడు మరలలేదు. సగము దారిలో హే ఎదురువచ్చి, గెలిచినవానికీయదలచిన బంగారు పతకమును ఆతని కన్నులయెదుట ఆడించెను. ఆ మెఱపు చూచినంత బాలుని కాళ్లకు క్రొత్త బలము వచ్చెను. అనుభవశాలియగు పందెగాడు వెన్నంటి తరుముచుండ, ఆతనికంటె 6 సెకండ్లు ముందుగా గమ్యము చేరి టేలరు మూర్ఛిల్లెను. తెలివి వచ్చునప్పటికి పతకము ఆతని రొమ్మున నుండెను. వేడుకకై నిలువబెట్టినవారే వెరగుపడిరి. ఉత్సాహమునకు మొదట ఒక చిన్న ఆశ చాలును; దానిని నిలుపుటకు మాత్రము వేరొకటి కావలెను.

ఆ వేరొకటి లూయీ మంగరు రూపమున లభించెను. మంగరు తెల్లజాతివాడు, పూర్వము పేరొందిన పందెగాడు, అప్పటికి సైకిళ్ల తయారీదారు. టేలరు ఆతనియొద్ద పనికి కుదిరెను. బాలుని శక్తిని గుర్తించి, లోకమున అందఱికంటె వేగముగ తొక్కువానినిగా వానిని తీర్చిదిద్దుదునని మంగరు పూనెను. ఆ మాట పలువురకు రుచింపలేదు. 1894లో అమెరికా సైకిలువారి మహాసంఘము తన సభ్యత్వము తెల్లవారికే చెల్లునని తీర్మానించియుండెను. 1895 జూను 30వ తేదీన ఇండియానాపొలిసునుండి మాథ్యూసు గ్రామమునకు జరిగిన 75 మైళ్ల రహదారి పందెములో టేలరు మఱుగున నిలిచి, అందఱును కదలిన పిమ్మట వెంబడించెను. తోడి పందెగాండ్రు కనిపెట్టి బెదరించిరి. ఆతడు మాఱుమాటాడక వేగము పెంచి వారిని దాటిపోయెను. నడుమ వాన కురిసి బాట బురదయయ్యెను. కడవఱకు తొక్కి గమ్యము చేరినవాడు ఆతడొక్కడే.

భారతకథలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శనమునాడు కర్ణుని విల్లు చూడక కులమడిగిరి. టేలరునకును అదియే జరిగెను. స్వనగరపు ట్రాకుపై ఆతడు అంతకుముందున్న వేగపు మేరలను దాటగా, మెచ్చుకొనుటకు మాఱుగా ఆ ట్రాకున అడుగిడరాదని నిషేధించిరి. కర్ణునకు అంగరాజ్యమిచ్చిన సుయోధనుడుండెను. టేలరునకు రాజ్యమిచ్చువాడు లేకున్నను మంగరు తోడుండెను. 1895లోనే మంగరు తన వ్యాపారమును మసాచుసెట్సు రాష్ట్రమందలి వూస్టరు పట్టణమునకు మార్చుచు టేలరును వెంటగొనిపోయెను. అచటి వై.ఎం.సి.ఏ. వ్యాయామశాల ఆతనికి తలుపు తెఱచెను. చిన్ననాడు దొరకని దానిని టేలరు ఒక్కదినమైనను వృథా చేయలేదు.

ఆతని అభ్యాసక్రమము చెప్పదగినది. శీతకాలమున మంచు కురియు రోజులలో ఆతడు వ్యాయామశాలలో తేలిక డంబెల్సు ఎత్తి, కర్లాలు త్రిప్పి, దీర్ఘశ్వాస నభ్యసించెడివాడు. ఈ కర్లాలు మన తాలింఖానాలలో మల్లులు త్రిప్పునవియే. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్ల సైనికులు భారతదేశమున వానిని చూచి తమ దేశమునకు కొనిపోగా, అచటినుండి అమెరికాకు వ్యాపించెను. మన దేశపు పనిముట్టు ఇట్లు ఆ వీరుని భుజములను బలపఱచినది. వూస్టరులో జార్జి వీథి యను ఒక ఎక్కుడు కలదు. పొడవు 500 అడుగులు. నూఱడుగులకు 18 అడుగుల వంతున నిటారుగా లేచును. కాలినడకనే ఆయాసము పుట్టించు ఆ వీథిని టేలరు సైకిలుపై ఎక్కి కాలిబలము పెంచుకొనెను. మద్యమును, పొగాకును ముట్టలేదు. సకాలమున భుజించి, సకాలమున నిద్రించెడివాడు.

ఇందలి ధర్మమును నేటి శరీరశాస్త్రము విశదీకరించుచున్నది. ఎల్లపుడు ఒకే తీరున తొక్కువాడు కొంతకాలమునకు ఒకే మట్టమున నిలిచిపోవును. కొంతసేపు పూర్ణబలముతో తొక్కి, పిమ్మట మెల్లగా తొక్కి, ఊపిరి కుదుటపడినంతనే మరల బలము చూపినయెడల గుండె ఒక్కొక్క స్పందనకు పంపు రక్తము అధికమగును. కండరములు ప్రాణవాయువును మిన్నగా వినియోగించుకొనును. అయితే శ్రమపడు వేళ కండరము అలసి నలుగునే గాని పెరుగదు. విశ్రాంతివేళనే అది చక్కబడి మునుపటికంటె దృఢమగును. కావున నిద్రయు, మితాహారమును, నడుమ విరామదినములును అభ్యాసమున భాగములే. క్రొత్తగా పూనుకొనువాడు దూరమును వారము వారము కొంచెము కొంచెముగ పెంచుకొనవలెను. ఒక్కదినమున అంతయు సాధింప తలచువాడు మఱునాడు మంచము పట్టును.

1896 డిసెంబరులో టేలరు వృత్తి పందెగాడుగ న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనున దిగెను. తొలినాడే అరమైలు పందెములో ప్రఖ్యాతుడగు ఎడ్డీ బాల్డును గెలిచెను. వెంటనే జరిగిన ఆఱుదినముల పందెమున 1,732 మైళ్లు తొక్కి ఎనిమిదవవాడయ్యెను. అప్పటికి ఆతనికి పదునెనిమిదేండ్లు. నిద్రలేమిచే పందెగాండ్రకు మతి చలించు ఆ క్రూరమైన పోటీ తన దేహమునకు తగినది కాదని గ్రహించి, పిమ్మట స్వల్పదూరపు వేగపందెములకే ఆతడు మనస్సు నిలిపెను. తన బలమెచ్చటనున్నదో ఎఱుగుటయు ఒక విద్యయే.

ట్రాకుపై ఆతనికెదురైనది వేగము మాత్రమే కాదు. పలువురు తెల్లజాతి పందెగాండ్రు ఏకమై ఆతనిని నడుమ బంధించి ముందునకు పోనీయకుండిరి. అభిమన్యునకు పద్మవ్యూహము చొచ్చుటయే తెలియును. టేలరు వెలువడు మార్గమును గూడ అభ్యసించెను. ఇసుమంత సందు కనబడిన క్షణముననే ఒక్కయుదుటున దూరి బయటపడుట, లేదా మొదటినుండియు అందఱికి ముందే నిలిచి చివరివఱకు ఎవ్వరికి అందకుండుట ఆతని యుపాయములు. 1897లో టాంటన్ పట్టణమున ఒక పందెము ముగిసిన పిమ్మట, ఓడిన పందెగాడొకడు ఆతనిని సైకిలుపైనుండి లాగి, తెలివితప్పువఱకు గొంతు నులిమెను. పోలీసులు వచ్చి విడిపింపవలసి వచ్చెను. అయినను టేలరు దెబ్బకు దెబ్బ తీయలేదు. తన ప్రత్యుత్తరమును తరువాతి పందెమునకు దాచుకొనెను.

ఆ ప్రత్యుత్తరము ఘనముగనే వచ్చెను. 1898లో పలు స్వల్పదూరములందు ఆతడు ప్రపంచపు వేగరికార్డులను స్థాపించెను. 1899 ఆగస్టు 10వ తేదీన కెనడాలోని మాంట్రియలున ఒక మైలు వేగపందెమున గెలిచి ప్రపంచ విజేతయయ్యెను. ముష్టియోధుడు జార్జి డిక్సను తరువాత ఏ క్రీడయందైనను ప్రపంచ విజేతయైన రెండవ నల్లజాతివాడు ఆతడే. జనులు ఆతనిని వూస్టరు సుడిగాలియని కొనియాడిరి. ఇంత పేరు వచ్చినను తల్లి నేర్పిన మతనిష్ఠ సడలలేదు. ఆదివారము పందెమాడనని ఆతడు నియమము పూనెను. ఫ్రాన్సు దేశపువారు ధనరాశులు చూపి పిలిచినను, ఆదివారము విడిచి ఒడంబడిక వ్రాయువఱకు ఆతడు కదలలేదు.

1901లో ఆ షరతును అంగీకరించినవారి పిలుపుపై టేలరు ఐరోపాకు వెడలెను. పారిసు నగరమున ఫ్రెంచివారి ఆరాధ్యుడగు ఎడ్మండు జాక్విలినుతో మే 16వ తేదీన తలపడెను. ఆనాటి చలి ఆతనికి సరిపడలేదు, ఓడిపోయెను. గెలిచినవాడు ఎగతాళిగా వేళ్లు చూపెను. టేలరు ఆ అవమానమును మ్రింగి మరల అభ్యసించి, మే 27వ తేదీన అదే ప్రత్యర్థిని వరుసగ రెండు పందెములందు ఓడించెను. 1902లో డెయిజీ మారిసును పెండ్లాడెను. ఆస్ట్రేలియాలో పందెములాడుచుండగా 1904లో సిడ్నీ నగరమున కూతురు జనించెను. ఆ ఊరి జ్ఞాపకముగా బిడ్డకు రీటా సిడ్నీ యని పేరిడిరి. పిమ్మట దేహమనస్సులు రెండును అలసి కొన్నియేండ్లు ట్రాకునకు దూరమైనను, 1907లో స్థూలించిన శరీరమును అభ్యాసముచే కరగించి తిరిగి విజయములు పొందెను. 1910లో పందెములు విరమించెను.

ఇటుపై కథ దుఃఖకరము. పందెపు బాటపై అంత మెలకువగల వీరుడు వ్యాపారమున మాత్రము నిలువలేకపోయెను. క్రొత్తరకపు చక్రములకై స్థాపించిన కంపెనీ నష్టపడెను. ఆర్జించిన ధనము కరగిపోయెను, గృహము అమ్ముడుపోయెను, ఆరోగ్యము చెడెను, భార్యతో ఎడబాటు కలిగెను. ఆ దశలో టేలరు ఏండ్ల తరబడి కూర్చుండి తన జీవితచరిత్రను తానే వ్రాసి, 1928లో స్వయముగా అచ్చొత్తించెను. చికాగో చేరి ఇంటింటికి తిరిగి ఆ గ్రంథమును అమ్ముకొనుచు జీవించెను. 1932 జూను 21వ తేదీన ధర్మాసుపత్రిలో, 53వ యేట, అయినవారెవ్వరును చెంతలేక కన్నుమూసెను. దిక్కులేనివారిని పూడ్చు నేలలో గురుతైనను లేక ఆతని దేహము నిలిచెను.

ఆ గ్రంథమున ఎవ్వరిపైనను ద్వేషము కానరాదు. తనను హింసించినవారి చేష్టలను దాచక చెప్పియు, వారిని ద్వేషింపనని ఆతడు తెలిపినాడు. యువకులకై చేయరాని పనులు పండ్రెండింటిని అందు పేర్కొనెను. మోసము చేయకుండుట, రాత్రి చాలసేపు మేలుకొనకుండుట, మద్యమును పొగాకును విడుచుట, చెత్త తిండి తినకుండుట, గెలిచితినని తల తిరుగకుండుట, ప్రత్యర్థిపై అక్రమముగ పైచేయి పొందకుండుట మొదలగునవి వానిలోనివి. కాలిబలమునకు చెప్పిన నియమములు అందు కొన్నియే. తక్కినవెల్ల శీలమునకు చెప్పినవి.

1948లో పూర్వపు సైకిలు వీరులు కొందఱు, ఒక సైకిలు కంపెనీ అధిపతి ధనసహాయముతో, ఆతని అస్థులను వెలికితీసి గౌరవస్థానమున సమాధి చేయించి ఫలకము నిలిపిరి. 1982లో ఇండియానాపొలిసు నగరము తన సైకిలు పందెపు మైదానమునకు ఆతని పేరు పెట్టెను. ట్రాకున కాలుపెట్టనీయని ఊరే అది. నల్లవారిని వెలివేసిన సంఘపు వారసులు 1999లో ఆ నిబంధనను బహిరంగముగ రద్దుచేసిరి. 2002నుండి జార్జి వీథి యెక్కుడుపై ఆతని స్మృతికై సైకిలు పోటీలు మొదలైనవి. 2008లో వూస్టరు పట్టణమువారు ఆతని విగ్రహమును ప్రతిష్ఠించిరి. దానికి వారెన్నుకొన్న చోటు పందెపు మైదానము కాదు, ఊరి గ్రంథాలయపు ముంగిలి. వ్యాయామశాల వాకిటినుండి తిరిగిపోయిన బాలుడు, చివరిదినములలో తన పుస్తకమును చేతబట్టి వీథులు తిరిగిన ముదుసలి, నేడు పుస్తకములు చదువవచ్చు పిల్లలకు ఎదురుగ నిలిచియున్నాడు.