బడిపంతులు తెచ్చిన బంగారం: మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్

మన దేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారు పతకం గెలిచింది రెండే రెండుసార్లు. 1951లో ఢిల్లీలో ఒకసారి, 1962లో జకార్తాలో ఇంకొకసారి. ఆ రెండుసార్లూ జట్టు వెనుక నిలబడి ఆడించిన మనిషి మాత్రం ఒక్కరే. ఆయన హైదరాబాదు వాస్తవ్యులు, వృత్తిరీత్యా బడిపంతులు, మర్హూం జనాబ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. ఇప్పటి పిల్లలు చాలామంది 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా వల్లనే ఆయన పేరు విన్నారు. సినిమా సినిమాయే. అసలు మనిషి ఎట్లా బ్రతికారో మన సభ్యులకు, వారి పిల్లలకు తెలియవలెనని మేము ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టులో ఆడారు. ఆ తరువాత నగరంలో పేరున్న ఖమర్ క్లబ్ తరఫున ఆడారు. పొట్టకూటికి మాత్రం పంతులు ఉద్యోగమే. కాచిగూడ మిడిల్ స్కూలులోను, ఉర్దూ షరీఫ్ స్కూలులోను పనిచేశారు. ఆ పిమ్మట వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు పిల్లల ఆటల బాధ్యత వహించారు. ఆయన కోచ్ అయింది తరువాత, ముందు టీచరు. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే ఆయన చేసిన మిగతా పనులన్నీ మనకు తేలికగా అర్థమవుతాయి.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయినారు. చనిపోయే దాకా ఆ పని వదలలేదు. పిల్లలకు బంతి ఆడటం ఎవరైనా చెప్తారు, కాని ఆయన చెప్పే తీరే వేరు. మామూలుగా పిల్లవాడికి ఏ కాలు వాటమో ఆ కాలుతోనే తన్నుతాడు, రెండో కాలు ఊరికే ఉంటుంది. రహీం సాహెబ్ ఏం చేశారంటే, వాటం లేని కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టారు. కుర్రవాళ్లకు బంతి దొరికితే చాలు, ఒక్కడే పట్టుకుని నలుగురిని తప్పించుకుపోవాలని చూస్తాడు. దానికి మందుగా డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు పెట్టారు. బంతి వచ్చిన వెంటనే పక్కవాడికి అందించాలి, అంతే. చిన్న పిల్లలు పెద్దవాళ్ల మధ్య నలిగిపోకుండా పొడుగు కొలిచి పోటీలు పెట్టారు. చూడటానికి ఇవన్నీ చిన్న చిన్న నియమాలే. కాని పిల్లవాడిలో ఏది తక్కువగా ఉందో కనిపెట్టి, దానినే సాధన చేయించటం మంచి పంతులు లక్షణం. లెక్కల్లో వెనుకబడిన వాడికి లెక్కలే ఎక్కువ చెప్పినట్లు అన్న మాట.

1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆయన కోచ్. కలకత్తా జట్లంటే దేశమంతా భయపడే రోజులవి. అటువంటి రోజులలో 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మన పోలీసు జట్టు మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌నైతే 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు ఎవరికీ వదలలేదు. 1956లోను, 1957లోను హైదరాబాదు రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది కూడా ఆయన శిక్షణలోనే.

ఆటగాళ్లను ఆయన ఎక్కడెక్కడినుండో ఏరి తెచ్చుకున్నారు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రవాడు ఉండేవాడు. నగరానికి వచ్చి ఆట నేర్చుకోవాలంటే రాకపోకలకు డబ్బుల్లేవు. రహీం సాహెబ్ సైకిల్ అద్దెకు తన జేబులోంచే ఇచ్చేవారని చెప్తారు. ఆ బలరామే తరువాత దేశం మెచ్చిన ఫార్వర్డ్ అయినాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినాడు. పిల్లవాడి మతమేమిటి, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని రహీం సాహెబ్ అడగలేదు. కాలిలో ఆట ఉన్నదా లేదా అన్నదే చూశారు.

ఇక దేశం సంగతి. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం తెచ్చారు. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడింది. ఆ చలి దేశంలో మనవాళ్లు కొందరు బూట్లు లేకుండా ఉత్త కాళ్లతో ఆడారు. ఆ దెబ్బ తరువాత బూట్లు వేసుకుని ఆడటం తప్పనిసరి అయింది. పది గోల్స్ తిని వచ్చిన తరువాత ఇంకొకరైతే మొహం చాటేసేవారు. రహీం సాహెబ్ మళ్లీ మొదటి నుండి పాఠం మొదలుపెట్టారు.

నాలుగేళ్లకు ఫలితం కనిపించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ వంటి హైదరాబాదు గడ్డ మీది ఆటగాళ్లు ఉన్నారు. ఆస్ట్రేలియాను వాళ్ల దేశంలోనే 4-2తో ఓడించారు. అందులో నెవిల్ డిసౌజావే మూడు గోల్స్. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. ఆ తరువాత యుగోస్లావియాతోను, బల్గేరియాతోను ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. 1960 రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1గా సమానంగా నిలిచారు.

1962 నాటికి రహీం సాహెబ్ ఊపిరితిత్తులలో క్యాన్సర్ పాకుతున్నది. ఆయనకు సిగరెట్ అలవాటు ఎక్కువ. ఆ శరీరంతోనే జకార్తా వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయ్‌లాండ్‌ను గెలిచారు గాని, వెనుక గోడలాగ నిలబడే బ్యాక్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వని విషయమై మన ప్రతినిధి ఒకరు చేసిన వ్యాఖ్యల వల్ల ఆ ఊరి జనం మన వాళ్ల మీద మండిపడుతున్నారు. మైదానంలో దిగితే చాలు, చుట్టూ కేకలే.

అప్పుడు రహీం సాహెబ్ ఒక ఉపాయం చేశారు. తలకు కట్టుతో ఉన్న జర్నైల్‌ను ఇంట్లో కూర్చోబెట్టలేదు, వెనుక నిలబెట్టలేదు. ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ ఒక గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ ఆ కొరియానే. ముందురోజు రాత్రి ఆటగాళ్లను పిలిచి, తనకు ఒకే ఒక కానుక కావాలనీ, అది బంగారు పతకమనీ అడిగారని చెప్తారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్స్ కొట్టారు. 2-1తో గెలిచారు. పంతులు అడిగిన కానుకను శిష్యులు చేతిలో పెట్టారు.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం సాహెబ్ కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు.

ఆయన పాఠం మాత్రం కొన్నాళ్లు నిలిచింది. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆయన వద్ద ఫార్వర్డ్‌గా ఆడిన పి.కె. బెనర్జీ, ఆట మానిన తరువాత తానే కోచ్ అయి జాతీయ జట్టును నడిపించారు. కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్స్ జట్టులో ఉండి, తరువాత కోచ్‌గా, ఫిఫా రిఫరీగా పనిచేసి, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుని, 2021లో కాలం చేశారు. కాని 1962 తరువాత ఆసియా బంగారు పతకం మన దేశానికి మళ్లీ రాలేదు. ఆంధ్రప్రదేశ్ జట్టుకు సంతోష్ ట్రోఫీ కూడా 1965తోనే సరి. ఒక్క మనిషి పోతే ఇంత పోయిందంటే, ఆయన ఎంత మోశారో ఊహించుకోవచ్చును.

మేమూ బడిలో పాఠం చెప్పేవాళ్లమే. ఏ క్లాసులో చూసినా వెనుక బెంచీలో ఒక బలరాం కూర్చునే ఉంటాడు. మార్కులు రావు, ఫీజు కట్టడం కష్టం, సాయంత్రమైతే మైదానంలో ఉంటాడు. వాడిని పనికిరానివాడని ఇంట్లో తిడతారు, బడిలో తిడతారు. రహీం సాహెబ్ అయితే వాడికి సైకిల్ అద్దె ఇచ్చేవారు. మన సభ్యులలో స్తోమత ఉన్నవారు ఏడాదికి ఒక్క పిల్లవాడి బూట్లకో, బంతికో, రాకపోకలకో ఇవ్వగలిగితే చాలు. రహీం సాహెబ్ పేరు నిలబెట్టటానికి పెద్ద పెద్ద సభలు అక్కరలేదు, ఈ పాటి పని చాలు.