పల్నాటి పందెమును తెరకెక్కింపబూనిన రామబ్రహ్మంగారు

ఆటగా మొదలై ప్రాణములతో ముగియు పందెముల కథలు చలనచిత్ర లోకమునకు కొత్తవి కావు. 1975లో వెలువడిన 'రోలర్‌బాల్' అను ఆంగ్ల చిత్రము 2018వ సంవత్సరమును ఊహించినది. దేశములను గొప్ప వ్యాపార సంస్థలే ఏలుచుండునట, ఒంటరి మానవుని ప్రయత్నము వ్యర్థమని జనులకు నేర్పుటకై నెత్తురు చిందు క్రీడ నొకదానిని నడపుచుండునట. 2012 నాటి 'హంగర్ గేమ్స్' చిత్రమున పన్నెండు మండలములు ఏటేట ఒక్కొక్క బాలుని, ఒక్కొక్క బాలికను చావుపోటీకి అప్పగింపవలెను. చూచువారు ఇవి రానున్న కాలపు భయములని తలతురు. పల్నాటివారికి మాత్రము ఇట్టి కథ గడచిన కాలమునందే కలదు. ఒక కోడిపందెము రాజ్యమెవరిదో, అడవి యెవరిదో నిర్ణయించిన కథ యది. దానిని తెరమీదికి తేబూని, ఆ పనిలో నుండగనే కన్నుమూసినవారు శ్రీ గూడవల్లి రామబ్రహ్మంగారు.

వారు 1902లో కృష్ణా మండలమునందలి నందమూరులో జన్మించిరి. జాతీయోద్యమపు గాలి సోకిన తరమువారు. మదరాసులో 'ప్రజామిత్ర' పత్రికకు సంపాదకులై, సమాజమున ఏది మారవలెనో అది వ్రాయుట అలవరచుకొనిరి. చిత్రరంగమునకు వచ్చిన పిదపను ఆ పత్రికాదృష్టి వారిని విడువలేదు. నాటి తెలుగు చిత్రములు చాలవరకు రంగస్థలమున ఆడిన పౌరాణిక నాటకములకు ప్రతిబింబములు. పద్యము, రాగము, కిరీటము ఉన్నచో చాలును. రామబ్రహ్మంగారికి అది చాలలేదు.

1938లో సారథి సంస్థ పక్షమున వారు 'మాలపిల్ల' చిత్రమును నిర్మించి దర్శకత్వము వహించిరి. కథ గుడిపాటి వెంకటచలంగారిది, సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. కాంచనమాల నాయిక. ఆలయ ప్రవేశ విషయమై గాంధీజీ దేశమంతట తిరిగి చెప్పిన కాలమది. హరిజన బాలికను బ్రాహ్మణ యువకుడు ప్రేమించుట అను ఇతివృత్తమును తెరమీద చూపుట నేడు చిన్న విషయముగ కనిపింపవచ్చును. గుడివాకిలి దాట వీలులేని జనులు లక్షలుగ నున్న నాడు అది చిన్న విషయము కాదు. వాదమును ఉపన్యాసముగ గాక కథగ చెప్పుటయే ఆ చిత్రమునకు బలమైనది.

మరుసటి యేడు 'రైతుబిడ్డ' వచ్చినది. త్రిపురనేని గోపీచందుగారు రచనలో పాలుపంచుకొనిరి. బళ్ళారి రాఘవ నటించిరి. బాపట్ల చెంతనున్న అప్పికట్ల గ్రామవాసి కొసరాజు రాఘవయ్య చౌదరిగారి పాటలలో పల్లెటూరి నుడికారము తెరమీద పలికినది. పంట రైతుది, పెత్తనము జమీందారుది అను నాటి స్థితిని చిత్రము సూటిగ చూపుటచే జమీందారులకు ఆగ్రహము కలిగినది, ప్రభుత్వ నిషేధమును ఎదురైనది. విచిత్రమేమన, ఈ చిత్రముల వెనుక ధనబలము చల్లపల్లి జమీందారుది! ఒక జమీందారు సొమ్ముతో జమీందారీ వ్యవస్థను ప్రశ్నించుట రామబ్రహ్మంగారికే చెల్లినది.

పిమ్మట 'ఇల్లాలు', 'అపవాదు', 'పత్ని', 'పంతులమ్మ', 'మాయాలోకము' వచ్చినవి. ఇవి అన్నియు ఒక్క స్థాయివి కావు. 'మాలపిల్ల' నాటి వాడి వీనిలో కొంత తగ్గినదనక తప్పదు. ఆ వాడి మరల దొరుకుటకు వారు పన్నెండవ శతాబ్దికి పోవలసి వచ్చినది.

పల్నాడు 2022 వరకు గుంటూరు జిల్లాలోని భాగము, పిదప ప్రత్యేక జిల్లా అయినది. పత్తియు మిరపయు పండు ఆ నేలమీద గురజాల, మాచర్ల, కారెంపూడి అను ఊళ్ళ పేరులు నేటికిని వీరగాథతోనే వినిపించును. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇరువురును అనుగురాజు కుమారులే, తల్లులు వేరు. ఆవంక మంత్రిణి నాయకురాలు నాగమ్మ, ఈవంక బ్రహ్మనాయడు. నాగమ్మ కోడిపందెమునకు పిలిచినది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనని ఒడంబడిక. బ్రహ్మనాయని పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగ. మాచర్లవారు ఓడి వలసపోయిరి. గెలుపు వంచనచే వచ్చినదని వీరగాథ చెప్పును. అయితే ఈ గాథను పాడిన గొంతులు మాచర్లపక్షమును మెచ్చినవే యని విద్యార్థులు మరువరాదు. ఆ కాలమున ఒక స్త్రీ మంత్రిత్వము నెరపి రాజ్యమును తన బుద్ధిబలముచే నడపుట సామాన్యము కాదు.

గడువు తీరినను రాజ్యము తిరిగి రాలేదు. రాయబారియై వెళ్ళిన అలరాజు నలగామరాజునకు స్వయముగ అల్లుడు. అతడు విషప్రయోగమున మరణించెను. ఆపై కారెంపూడి యుద్ధము. బ్రహ్మనాయని కుమారుడు బాలచంద్రుడు అందులో కూలెను. కత్తి కట్టిన పుంజునకు తాను ఎవరి రాజ్యముకొరకు పోరుచున్నదో తెలియదు. ఆ పందెమునకు ఒడంబడని వేలమంది భటులును దాని మూల్యమునే చెల్లించిరి.

రామబ్రహ్మంగారిని ఈ గాథ ఆకర్షించుటకు మరియొక కారణము పైకే కనిపించుచున్నది. బ్రహ్మనాయడు కులభేదము పాటింపక అందరిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు నడపినవాడు. మాల కన్నమదాసును కుమారునివలె చూచి సేనానాయకుని చేసినవాడు. 'మాలపిల్ల' తీసిన చేతికి ఇంతకంటె తగిన చరిత్ర తెలుగునాట దొరకదు. గుడివాకిలివద్ద ఆగిన ప్రశ్నకు ఏడువందల యేండ్లకు మునుపే భోజనపంక్తిలో ఒక సమాధానము వచ్చియున్నదని ఈ గాథ చెప్పును.

చిత్రమునకు 'పల్నాటి యుద్ధం' అని పేరిడిరి. నాగమ్మగ కన్నాంబ, బ్రహ్మనాయనిగ గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రునిగ అక్కినేని నాగేశ్వరరావు. సుబ్బారావుగారు వృత్తిచే వైద్యులు, 'మాలపిల్ల' నాటినుండి రామబ్రహ్మంగారి తోడివారు. నాగేశ్వరరావు అప్పటికి 'మాయాలోకము'లో వారి చేతిక్రింద పనిచేసిన యువకుడు. చిత్రీకరణము సాగుచుండగా రామబ్రహ్మంగారి ఆరోగ్యము చెడినది. 1946లో, నలుబదినాలుగవ యేట, వారు మరణించిరి.

మిగిలిన భాగమును ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. ఇరువురి చేతులలో పెరిగిన చిత్రమైనను కథాసంకల్పము మొదటివారిదే. 1947లో అది ప్రేక్షకుల ముందునకు వచ్చినది. 1966లో ఇదే గాథ మరల చిత్రముగ వచ్చినపుడు ఎన్.టి. రామారావు బ్రహ్మనాయడుగను, భానుమతి నాగమ్మగను నటించిరి. కారెంపూడిలో మాత్రము కార్తీక అమావాస్యనాటి వీరుల తిరునాళ్ళలో, తెరతో పనిలేక, ఆ కోడిపందెమును నేటికిని పాడుచునే యున్నారు.