బారిస్టరు చదువు, డ్యూయీ పాఠం



బాబాసాహెబ్ డిగ్రీలు లెక్కపెట్టి గర్వపడటం మనకు అలవాటే. ఆ చదువులు ఆయన బుర్రలో ఎలా కలిశాయో మాత్రం తక్కువగా చెప్పుకుంటాం.

1913లో బరోడా మహారాజా స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ వెళ్లి కొలంబియా యూనివర్సిటీలో చేరారు. ముఖ్యమైన సబ్జెక్టు అర్థశాస్త్రం. అయినా జాన్ డ్యూయీ చెప్పే తత్వశాస్త్రం క్లాసుల్లోనూ కూర్చున్నారు. 1916లో లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, బారిస్టరు చదువు కోసం గ్రేస్ ఇన్‌లోనూ ఒకేసారి చేరారు. ఏడాది తిరక్కుండానే స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. రెండూ సగంలో వదిలేసి 1917లో వెనక్కి రావాల్సొచ్చింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు, షాహూ మహారాజ్ సాయం, పార్శీ మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన 5,000 రూపాయల అప్పు పట్టుకుని 1920లో మళ్లీ ఓడెక్కారు. ఇక్కడ సంసార భారమంతా రమాబాయి తల్లి మోసింది. ఆమె పేరు ఏ డిగ్రీ కాగితం మీదా లేదు. 1922లో ఆయన బారిస్టరయ్యారు.

లా చదివినవాడు రూల్సునే నమ్ముకుంటాడని మనం అనుకుంటాం. 1936లో అచ్చేసిన కుల నిర్మూలనలో ఈ బారిస్టరు రూలు వేరు, సూత్రం వేరు అన్నారు. రూలు ఏం చెయ్యాలో చెప్పి ఊరుకుంటుంది. సూత్రం మంచిచెడ్డలకు కొలత ఇస్తుంది, నిర్ణయం మనిషికే వదిలేస్తుంది, అందుకే బాధ్యత కూడా అతనిదే. హిందువులు ధర్మం అంటున్నది ఆజ్ఞల కుప్ప తప్ప మరోటి కాదని తేల్చారు. ఆ ఆలోచనలో డ్యూయీ పాఠం కనపడుతుంది.

ఇదే కొలతతో ఆయన బుద్ధుణ్ణి చదివారు. అహింసను బుద్ధుడు సూత్రంగా పెట్టాడనీ, రూలుగా రుద్దలేదనీ తన చివరి గ్రంథం బుద్ధుడు, ఆయన ధమ్మంలో రాశారు. మనం పంచశీల చదివేటప్పుడు కూడా చూడండి, పైనుంచి ఎవరూ ఆజ్ఞాపించరు. మనమే స్వీకరిస్తున్నామంటాం.

1952లో కొలంబియా వాళ్లు గౌరవ డిగ్రీ ఇస్తామని పిలిచారు. ముసలి గురువును మళ్లీ చూడొచ్చని బాబాసాహెబ్ ఎంతో ఆశపడ్డారు. దారిలో ఉండగానే డ్యూయీ చనిపోయిన కబురు తెలిసింది. తన ఆలోచనా జీవితమంతా ఆయన పెట్టిన భిక్షేనని భార్య సవితకు ఉత్తరం రాశారు. జూన్ 5న న్యూయార్క్‌లో డిగ్రీ అందుకున్నారు. అది న్యాయశాస్త్రంలో డాక్టరేటు. తత్వశాస్త్రం చెప్పిన గురువు పోయి అప్పటికి నాలుగు రోజులు.