పోచంపల్లిలో వినోబా

శాంతి కావాలని అందరూ అంటారు. కాని తుపాకులు పేలుతున్న పల్లెల్లోకి ఉత్త చేతులతో నడిచిపోయేవాళ్ళు ఎంతమంది? అట్లా వెళ్ళిన మహనీయుడు ఆచార్య వినోబా భావే.

వినోబా 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించారు. 1916లో గాంధీజీ ఆశ్రమంలో చేరారు. 1932లో ధూలే జైలులో తోటి ఖైదీలకు గీతను బోధించారు. ఖురానును చదవడానికి అరబ్బీ భాషే నేర్చుకున్నారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ మొట్టమొదట ఎన్నుకున్నది ఆయననే.

ఆనాడు మన తెలంగాణా ఎట్లుండె? దొరల మీద, నిజాం పాలన మీద 1946లో లేచిన రైతాంగ పోరాటం 1948 సెప్టెంబరు సైనికచర్య తరువాత కూడా ఆగలేదు. నల్లగొండ, వరంగల్లు పల్లెల్లో పగలు పోలీసుల భయం, రాత్రి దళాల భయం. నడుమ నలిగింది బీదజనమే.

1951లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వినోబా వార్ధా దగ్గరి పౌనారు నుండి సుమారు 300 మైళ్ళు కాలినడకన వచ్చారు. అది ముగిసినాక హైదరాబాదు జైలులోని కమ్యూనిస్టులను కలిసి మాట్లాడి, నల్లగొండ జిల్లా దారి పట్టారు. ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. దళితవాడకు పోయి ఏం కావాలని అడిగితే, 40 కుటుంబాల వారు 80 ఎకరాలు ఇప్పిస్తే కష్టం చేసుకొని బతుకుతామన్నారు. ఊళ్ళోవాళ్ళే ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా సభలో అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానం అట్లా పుట్టింది. తెలంగాణాలో 51 రోజుల్లో 12,000 ఎకరాలకు పైగా దానం వచ్చింది.

ఆయన ఒక్కరి వల్లనే పోరాటం ఆగిందనడం సరికాదు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీయే దానిని విరమించింది. భూమి ప్రశ్నను దేశం ముందు పెట్టింది కూడా ఆ పోరాటమే. పైగా దానమిచ్చిన భూముల్లో రాళ్ళూ రప్పలూ ఉన్నవి. ఎన్నో ఎకరాలు పేదవానికి చేరనే లేదు. ఎల్లారెడ్డి వైపు రైతుబిడ్డగా నాకు తెలిసింది ఒకటే. కాగితం మీది ఎకరం కడుపు నింపదు, దాంట్లో నాగలి దిగాలె.

1960లో చంబల్ లోయ బందిపోట్లు వినోబా ముందు ఆయుధాలు పెట్టి లొంగిపోయారు. 1982 నవంబరు 15న పౌనారులో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడు భారతరత్న వచ్చింది.

కొట్లాట నడుమకు పోయిన ఆ సాధువు నీతులు చెప్పి మరలిపోలేదు. ఆకలిగొన్నవానిని ముందు అడిగారు. ఆ తరువాతనే ఉన్నవానిని అడిగారు. మిత్రులారా, మన ఊళ్ళల్లో తగవు తీర్చడానికి కూర్చున్న నాడు ఈ వరుసను మరువకుందాం.