తెరేసమ్మ తండ్రిగారి చివరి సంవత్సరాలు

లిసియూ పట్టణపు చిన్న తెరేసమ్మ పటం మీలో చాలామంది ఇళ్ళలో ఉంటుంది. సిలువను, గులాబీలను పొదివి పట్టుకొన్న ఆ ముఖం మీకు పరిచయమే. ఆమె కన్నతండ్రి మూడేళ్ళకు పైగా మానసిక వైద్యశాలలో ఉన్నారన్న సంగతి మాత్రం మీలో ఎందరు విన్నారు? పండుగ ప్రసంగాలలో గులాబీలకు ఇచ్చిన చోటు మనం దానికి ఇవ్వము.

లూయీ మార్టిన్ గారు 1823లో ఫ్రాన్సు దేశంలోని బోర్డో నగరంలో జన్మించారు. యౌవనంలో ఆల్ప్స్ కొండలపైనున్న మఠంలో చేరబోతే లాటిను రాదని తిప్పి పంపారు. గడియారాల పని నేర్చుకొని అలెన్సోన్‌లో దుకాణం పెట్టుకొన్నారు. 1858లో జెలీ గెరిన్‌ను వివాహమాడారు. తొమ్మండుగురు బిడ్డలు పుట్టగా నలుగురు చిన్నతనంలోనే పోయారు. 1877లో జెలీ రొమ్ము క్యాన్సరుతో మరణించింది. మిగిలిన ఐదుగురు ఆడపిల్లలతో ఆయన, బావమరిది ఇసిడోరు గెరిన్ ఉంటున్న లిసియూకు మారారు.

1887 మే నెలలో మొదటిసారి పక్షవాతం తగిలింది. కొద్దివారాలకే కడగొట్టు బిడ్డ తెరేస కార్మెల్ మఠంలో చేరతానని అడిగితే సమ్మతించారు. 1888 ఏప్రిల్‌లో ఆమె మఠప్రవేశం చేసింది. జూన్‌లో ఆయన ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయారు. కూతురు సెలీను, మేనమామ వెతుక్కుంటూ పోగా నాలుగు రోజులకు లె హావ్రె ఓడరేవులో కనిపించారు. మెదడుకు రక్తం చేర్చే నాళాలు గట్టిపడడమే ఈ వ్యాధికి మూలం. మతిమరుపు, దానివెనుక భ్రమలు వచ్చాయి. 1889 జనవరి 10న తెరేస మఠవస్త్ర స్వీకారానికి ఆయన చక్కగా హాజరయ్యారు. నెల తిరిగాక, యుద్ధం ముంచుకొస్తోందనీ బిడ్డలను కాపాడుకోవాలనీ భ్రమపడి రివాల్వరు చేతబట్టారు. ఇక ఇంట్లో ఉంచుకోలేక ఫిబ్రవరి 12న కాన్ నగరంలోని బాన్ సోవ్యోర్ వైద్యశాలలో చేర్పించారు.

ఊరివారు ఊరుకుంటారా? కూతుళ్ళు ఒక్కొక్కరే మఠానికి పోబట్టే, ముఖ్యంగా చిన్నది వెళ్ళబట్టే ముసలాయనకు మతి చలించిందన్నారు. ఆ మాటలు మఠం గోడలు దాటి తెరేస చెవిన పడ్డాయి. మన ఊళ్ళలో ఇలాంటి ఇల్లు కనిపిస్తే మనం ఏమంటామో మీకు తెలుసు: దెయ్యమంటాము, పాపఫలమంటాము, విశ్వాసం చాలలేదంటాము. పునీత తోమాసు అక్వినాసు వారు ఏడు శతాబ్దాల క్రితమే వేరుగా బోధించారు. ఈ లోకంలో మన బుద్ధి దేహేంద్రియాల సాయంతోనే పనిచేస్తుంది గనుక అవయవం దెబ్బతింటే ఆలోచన కుంటుపడుతుంది. వీణ తీగ తెగితే వాయించేవాడిని నిందించము గదా! లూయీ గారిని భార్యతోపాటు 2015 అక్టోబరు 18న పోపు ఫ్రాన్సిస్ పునీతులుగా ప్రకటించారు. ఆయన వ్యాధి దానికి అడ్డు రాలేదు.

వైద్యశాలలో తెలివి వచ్చిపోతూ ఉండేది. అదే ఎక్కువ బాధ అనుకుంటాను. తన స్థితి తనకు తెలిసిన గడియలలో ఆయన, జీవితమంతా ఆజ్ఞాపించడానికే అలవాటుపడ్డ తనకు ఈ తగ్గింపు అవసరమేనని వైద్యునితో అన్నారు. ఎవరైనా తినుబండారాలు ఇస్తే తోటి రోగులకు పంచేవారు. 1889 జూన్‌లో ఆస్తి వ్యవహారాలు వదులుకొంటున్నట్లు సంతకం పెట్టించినపుడు మాత్రం, బిడ్డలకు తనపై నమ్మకం పోయిందని వెక్కివెక్కి ఏడ్చారు.

బిడ్డలు ఆయనను వదలలేదు. సెలీను, లియోనీ మొదటి మూడు నెలలూ కాన్‌లోనే బస చేశారు. వారానికి ఒక్కసారే చూడనిచ్చేవారు. అయినా కబురు తెలుసుకోవడానికి రోజూ వైద్యశాల గుమ్మానికి వెళ్ళేవారు. తెరేస మఠంలోనే ఉండి, పసితనంలో తనకు కలిగిన ఒక దర్శనాన్ని జ్ఞాపకం చేసుకొంది. తండ్రి ఊరిలో లేని ఒకనాడు, ఆయనలాంటి మనిషి నడుము వంగి, తలపై గుడ్డ కప్పుకొని తోటలో నడిచిపోవడం ఆమె చూసింది. దాని అర్థం ఇప్పుడు బోధపడింది. దాడికి గురైన క్రీస్తునాథుని తిరుముఖాన్ని ఆమె తండ్రి ముఖంలో చూసింది.

కాళ్ళు చచ్చుబడి, ఇక పారిపోతారన్న భయం లేదనుకొన్నాక, 1892 మే 10న ఆయనను లిసియూకు తెచ్చారు. రెండు రోజులకు చక్రాల కుర్చీలో మఠానికి తీసుకువెళ్ళారు. మాట సరిగా రాలేదు. వెళ్ళేముందు వేలెత్తి పైకి చూపారు. మఠంలోని ముగ్గురు కూతుళ్ళూ ఆయనను మళ్ళీ చూడలేదు. సెలీను మాత్రం ఇంట్లో ఉండి తినిపిస్తూ, ఒళ్ళు తుడుస్తూ 1894 జూలై 29న ఆయన కన్నుమూసేదాకా సేవచేసింది. తానూ మఠంలో చేరాలని ఎన్నాళ్ళుగానో కోరుకొంటున్న ఆమె సెప్టెంబరు 14న ఆ గడప దాటింది.