మన భుజం మీది మచ్చ - రాజకుమారి అమృత్ కౌర్



కపుర్తలా రాజవంశంలో హర్నాం సింగ్ కూతురుగా లక్నోలో పుట్టి, ఇంగ్లండులో చదువుకొని, అన్నీ వదిలి గాంధీగారి ఆశ్రమానికి వెళ్ళిన మనిషి రాజకుమారి అమృత్ కౌర్. పదహారేళ్ళు ఆయనకు కార్యదర్శిగా ఉన్నారు. పరదాను, బాల్య వివాహాలను ఎదిరించారు. 1942లో జైలుకు వెళ్ళారు. 1947లో స్వతంత్ర భారతదేశపు మొదటి ఆరోగ్య మంత్రి అయ్యారు.

ఇంతవరకు పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటుంది. నేను చెప్పదలచింది మన ఎడమ భుజం మీదున్న చిన్న మచ్చ సంగతి. అది క్షయకు వేసే బి.సి.జి. టీకా గుర్తు.

ఆ రోజుల్లో క్షయ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకునేవారు. మందులు అప్పుడప్పుడే వస్తున్నాయి, పేదవాడికి అందేవి కావు. అందుకే ఆమె శాఖ 1948లో ఈ టీకాను మొదలుపెట్టింది. మద్రాసు గిండీలో తయారీకి ప్రయోగశాల పెట్టారు. దేశంలో మొదట టీకాలు వేసిన చోట్లలో మనకు దగ్గరి మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచీ క్షయ రోగులను చూస్తోంది. 1951 నుంచి ఊరూరా టీకా బృందాలు తిరిగాయి.

పని అంత సులువు కాదు. ముందు చేతికి పరీక్ష సూది వేయాలి. మూడు రోజుల తర్వాత మళ్ళీ వచ్చి చూడాలి. వాపు వచ్చిందంటే క్రిమి అప్పటికే ఒంట్లో చేరినట్టు, టీకా వేయరు. వాపు రానివారికే వేస్తారు. మొదటి రోజు కనిపించిన పిల్లవాడు ఆ రోజుకు గొర్రెల వెంట పోతే అంతా వృథా. టీకా మందు ఎండకు చెడిపోతుంది, కరెంటు లేని ఊళ్ళకు దాన్ని చల్లగా మోసుకెళ్ళాలి. మన కరువు సీమలో ఇదెంత కష్టమో వేరే చెప్పాలా! మా అవ్వ భుజం మీద మచ్చ లేదు. సూదివాళ్ళు వస్తే గడ్డివామి చాటున దాక్కున్నానని ఇప్పటికీ నవ్వుతుంది.

1955లో రాజాజీ అంతటివారు ఎదురుతిరిగారు. రుజువు చాలని టీకాను పిల్లలకు మూకుమ్మడిగా వేయరాదన్నారు. అమృత్ కౌర్ ఆపలేదు. ఎవరిది న్యాయం? 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలైన పెద్ద పరిశీలనలో పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని తేలింది. కాబట్టి రాజాజీ అనుమానాన్ని కొట్టిపారేయలేం. అయితే పసిపిల్లల మెదడు పొరలకు పట్టే క్షయ నుంచి ఇది కాపాడుతుంది. అందుకే నేటికీ పుట్టగానే వేస్తున్నారు. నా లెక్కన ఆమె ఆపకపోవడమే మంచిదైంది.

1950లో ప్రపంచ ఆరోగ్య సభకు ఆమె అధ్యక్షురాలయ్యారు. 1956లో ఢిల్లీ ఎయిమ్స్ ఆమె పట్టుదలతోనే వచ్చింది. 1957లో మంత్రి పదవి ముగిసింది. సిమ్లాలోని సొంత ఇంటిని ఎయిమ్స్ నర్సులూ సిబ్బందీ సెలవుల్లో విశ్రాంతి తీసుకోవడానికి రాసిచ్చారు. 1964లో కన్నుమూశారు.