ఒకే రాత్రి మూడు కాన్పులు: రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్ జీవితం

రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల వారికి పెద్ద జబ్బు అనగానే రాయవేలూరు గుర్తుకు వస్తుంది. ఊళ్లో వైద్యులు చేతులెత్తేస్తే అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి బయలుదేరే తెలుగు కుటుంబాలు నేటికీ కోకొల్లలు. గుండెకు, మెదడుకు, మూత్రపిండాలకు పేరుపొందిన ఆ సంస్థ పుట్టుకకు కారణం మాత్రం అవేవీ కావు. కాన్పు కష్టమై ఒకే రాత్రి కన్నుమూసిన ముగ్గురు స్త్రీలు.

ఐడా సోఫియా స్కడర్ 1870 డిసెంబర్ 9న నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా రాణిపేటలో జన్మించారు. ఆమె తాత జాన్ స్కడర్ 1819లో సింహళానికి, అటుపై మద్రాసుకు వచ్చిన అమెరికన్ వైద్య మిషనరీ. తండ్రిదీ అదే వృత్తి. 1877–78 నాటి దారుణ క్షామంలో ఆకలితో అలమటించే పిల్లలను పసితనంలోనే చూసిన ఐడాకు ఈ దేశంలో జీవితం గడపాలన్న కోరిక లేకపోయింది. అమెరికాలో చదువుకున్నారు, అక్కడే స్థిరపడాలనుకున్నారు. తల్లి అనారోగ్యం వల్ల 1890లో తిండివనానికి రావలసి వచ్చినా, అది కొన్నాళ్ల మజిలీయేనని ఇంట్లో అందరికీ తెలుసు.

ఒకనాటి రాత్రి ఒక బ్రాహ్మణ యువకుడు వారి ఇంటి వాకిట నిలిచాడు. అతడి భార్య పసిపిల్ల. నొప్పులు పడుతూ ప్రాణాపాయంలో ఉంది. మంత్రసాని తన వల్ల కాదన్నది. ఐడా తన తండ్రిని పంపుతానన్నారు. పరపురుషుడు తన భార్యను తాకడానికి అతడు ఒప్పుకోలేదు. ఐడా రావాలని కోరాడు. తనకు వైద్యం తెలియదని ఆమె ఎంత చెప్పినా ఫలితం లేకపోయింది. అతడు నిరాశతో వెళ్లిపోయాడు. కొద్దిసేపటికి ఒక ముస్లిం గృహస్థు అదే అభ్యర్థనతో వచ్చాడు. తండ్రి చికిత్స చేస్తారు, తాను పక్కన నిలుస్తానని ఐడా బతిమాలారు. ఆయనా తిరస్కరించాడు. అదే రాత్రి మూడవ వ్యక్తి, మరొక హిందువు, వచ్చి అదే సమాధానంతో వెనుదిరిగాడు. తెల్లవారాక సేవకుణ్ణి పంపి వాకబు చేస్తే ముగ్గురు స్త్రీలూ మరణించారని తెలిసింది.

ఆ భర్తలను కఠినాత్ములని తోసిపుచ్చడం తేలికే. అయితే వారు అర్ధరాత్రి పరాయి మతస్థుల గడప తొక్కింది భార్యను బతికించుకోవాలనే. వారి ఆచారాన్ని ఒక్క రాత్రిలో మార్చడం ఎవరి తరమూ కాదు. ఆ గడపలో ఒక స్త్రీ వైద్యురాలు ఉంటే సరిపోయేది. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకపోయినా, శుభ్రత లేని చేతుల వల్ల సూతికా జ్వరం సోకినా నాటి మంత్రసాని నేర్పు చాలేది కాదు. నేడు పరిస్థితి ఎంతో మెరుగు. 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశంలో 97, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఆ అంకెల్లోనూ ప్రతి ఒక్కటీ ఒక ఇల్లే.

ఐడా నిర్ణయం మారింది. 1895లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి, స్త్రీలకు అప్పుడే తలుపులు తెరచిన కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాల నుంచి 1899లో పట్టా అందుకున్నారు. తిరుగు ప్రయాణానికి ముందు ఆసుపత్రి కోసం చందాలు పోగుచేస్తుండగా, షెల్ అనే న్యూయార్క్ బ్యాంకరు దివంగతురాలైన తన భార్య మేరీ టేబర్ పేరిట 10,000 డాలర్లు ఇచ్చారు. అండగా ఉంటారనుకున్న తండ్రి 1900లోనే, ఆమె వచ్చిన కొద్ది నెలలకే మరణించారు. కొత్త డాక్టరమ్మను జనం తొలుత నమ్మలేదు. వేలూరులో ఇంటి చిన్న గదిలో మొదలైన వైద్యం మెల్లగా వరండా నిండా రోగులను కూర్చోబెట్టింది. 1902లో 40 పడకల ఆసుపత్రి సిద్ధమైంది.

తానొక్కతే ఎన్ని కాన్పులు చేయగలదు? ఆ ప్రశ్నే ఆమె తక్కిన జీవితాన్ని నడిపించింది. 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. గుడియాత్తం దారిలో మోటారు బండి ఆపి, చెట్టు నీడన రోగులను చూసే పద్ధతీ ఆ కాలానిదే. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచారు. విద్యార్థినులు దొరకడమే కష్టమని, దొరికినా ఉత్తీర్ణులు కారని ప్రభుత్వ వైద్యాధికారులు సందేహించారు. మొదటి ఏడాది పరీక్షకు కూర్చున్న 14 మందీ గట్టెక్కారు. అదే పరీక్షలో రాజధానిలోని పురుష విద్యార్థులలో అత్యధికులు తప్పారు.

అసలు గండం 1930ల చివర వచ్చింది. డిప్లొమా పాఠశాలలు విశ్వవిద్యాలయ పట్టా స్థాయికి ఎదగాలి, లేదా మూతపడాలి అని మద్రాసు ప్రభుత్వం ఆదేశించింది. ఏడు పదుల వయసులో ఐడా మళ్లీ అమెరికా వెళ్లి ఊరూరా తిరిగి నిధులు అడిగారు. పురుషులను కూడా చేర్చుకుంటే ఎక్కువ మిషన్ల సాయం అందుతుంది. కానీ స్త్రీల కోసమే డబ్బిచ్చిన చిరకాల మిత్రులు దీన్ని నమ్మకద్రోహంగా భావించారు. వారి అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. స్నేహాలు తెగినా సంస్థ నిలవాలనే ఐడా తేల్చుకున్నారు. 1942లో ఎం.బి.బి.ఎస్. కోర్సు మొదలైంది, 1947లో పురుష విద్యార్థులు ప్రవేశించారు.

అవివాహితగా ఉండిపోయిన ఐడా 1946లో బాధ్యతలు అప్పగించి కొడైకెనాల్‌లో విశ్రాంతి తీసుకున్నారు. 1960 మే నెలలో, 89 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు. భార్య జ్ఞాపకార్థం షెల్ ఇచ్చిన ధనంతో వెలసిన నాటి స్త్రీల ఆసుపత్రి వేలూరు ఆరణి రోడ్డులో నేటికీ ఉంది. ఇప్పుడది కంటి ఆసుపత్రి.